పాత సీడీ 100 ఎస్‌ఎస్: తక్కువ డబ్బులో పాత బండి కావాలంటే ముందు దీన్ని చూడండి

పాతకాలం బండి కావాలి, రోజూ నడవాలి, లక్షలు పెట్టే స్థోమత లేదు. ఇలా అడిగేవాళ్లకు మా నల్లగొండ వైపు నేను చెప్పే పేరు ఒక్కటే, హీరో హోండా సీడీ 100 ఎస్‌ఎస్. నాది 1997 మోడల్, ఏపీ 24 నంబరు. హాలియా దగ్గర ఒక బత్తాయి రైతు దగ్గర పదహారు వేలకు కొన్నాను, కొన్నాక ఇంకో తొమ్మిది వేల దాకా పెట్టాను. ఇప్పుడు తోటకు, మార్కెట్‌కు, నల్లగొండ టౌనుకు అన్నిటికీ అదే. ఇంట్లో కొత్త స్కూటీ ఉన్నా నా చెయ్యి ముందు దీని తాళం మీదికే పోతుంది.

కుర్రాళ్లు యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం పడి చస్తున్నారు, వాళ్లను తప్పు పట్టను, ఆ సౌండ్ వినపడితే నేనూ పని ఆపి రోడ్డు వైపు చూస్తాను. కానీ అది 1985లో మొదలై 1996లో ఆగిపోయిన బండి. ఒరిజినల్ సామాను తగ్గింది, మోజు పెరిగింది, కాస్త బాగున్నదానికి లక్ష దాటి అడుగుతున్నారు. అంత పోసి కొన్నాక కూడా బోరు ఎన్నిసార్లు కొట్టించారో (అంటే అరిగిన సిలిండర్‌ను లోపల తొలిచి వెడల్పు చేయించారో), ఇంజన్ ఏ బండిదో, ఛాసిస్ ఏ బండిదో అని టెన్షన్ తప్పదు. యెజ్డీ సంగతీ అంతే. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, మంచి బండ్లన్నీ మోజున్నవాళ్ల దగ్గరికి చేరిపోయాయి, దాన్ని సరిగ్గా విప్పి కట్టగలిగిన పాత మేస్త్రీలు మన జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

ఈ ఎస్‌ఎస్‌కు మూలమైన సీడీ 100 వచ్చింది కూడా 1985లోనే. 97.2 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, నాలుగు గేర్లు, కిక్ స్టార్ట్, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులు. 1994లో స్ప్లెండర్ వచ్చినప్పుడు అందులోనూ ఈ కుటుంబం ఇంజనే పెట్టారు, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5, రెండు బండ్లకీ కొలతలు ఒకటే. నేను ఈ బండి కొనమనడానికి అసలు కారణం ఇదే. స్ప్లెండర్ లేని ఊరు మన దగ్గర లేదు కాబట్టి ఈ ఇంజన్ తెలియని మెకానిక్ కూడా లేడు. పిస్టన్, రింగులు, వాల్వులు, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైను దేవరకొండలోనైనా, మిర్యాలగూడలోనైనా అడిగిన రోజే దొరుకుతాయి. బండి బయట పాతది, లోపలి సామాను మాత్రం నిన్నా మొన్నా తయారైంది, ఇంతకంటే సుఖం పాత బండ్లలో ఇంకెక్కడా చూడలేదు. టెయిల్ ల్యాంపు, సైడ్ డోర్లు, మీటరు లాంటి పైసామానుకు మాత్రం హైదరాబాద్ పుత్లీబౌలి వైపు తిరగాల్సి వస్తుంది, కాబట్టి కొనేటప్పుడే ఇవి సరిగ్గా ఉన్న బండి చూసుకుంటే సగం పని తప్పినట్టే.

ఇంజన్ కంటే ముందు కాగితాలు చూడండి, ఈ విషయంలో మొహమాటం అస్సలు వద్దు. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకూ రెన్యువల్. 1997 బండి అంటే ఇప్పటికి కనీసం మూడు రెన్యువల్స్ అయి ఉండాలి, అవకపోతే ఆలస్యానికి అదనపు ఫీజు, గ్రీన్ ట్యాక్స్ అన్నీ కొన్నవాడి మెడకే చుట్టుకుంటాయి. రెన్యువల్ ఫీజు కూడా పెరిగింది, 2022 ఏప్రిల్ నుంచి టూ వీలర్‌కు వెయ్యి, 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటినవాటికి రెండు వేలు. ఇంకో చిక్కు ఉంది. ఈ కాలం బండ్లలో చాలావాటికి ఆర్సీ తండ్రి పేరు మీద ఉంటుంది, ఆయన పోయి చాలా కాలమవుతుంది, కొడుకు బండి అమ్ముతుంటాడు. అలాంటప్పుడు పేరు మార్పుకు మామూలుగా వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుంటే సరిపోదు, ముందు డెత్ సర్టిఫికెట్ పెట్టి ఫారం 31తో వారసుడి పేరు మీదికి మార్పించి, ఆ తర్వాత మీ పేరు మీదికి రాయించుకోవాలి. "తర్వాత చూసుకుందాంలే అన్నా" అంటే డబ్బులు జేబులోంచి తీయకండి. పాత పుస్తకం ఆర్సీలు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండవు, అందుకే బేరానికి ముందే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, ఆర్సీతో ఒక్క అంకె తేడా వచ్చినా వెనక్కి వచ్చేయండి.

బండి చూడ్డానికి పోయే ముందు ఫోన్‌లో ఒక మాట చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే దాని అసలు గుణం తెలుస్తుంది. చోక్ వేసి కిక్ కొడితే రెండు మూడు కిక్కుల్లో అందుకోవాలి. స్టార్ట్ అయిన క్షణంలో కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు అయిపోయాయని, అది చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ పొగ వస్తే రింగులు, బోరు పని, అప్పుడు ధర బాగా దించాలి. సైలెన్సర్ చివర వేలు పెట్టి తుడిచి చూడండి, పొడి మసి అంటితే మంచిది, జిడ్డుగా నల్లగా అంటితే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టే. బోరు ఇంతకుముందు కొట్టించి ఉంటే ఎంత సైజు పడిందో అడగండి, 0.25 మిల్లీమీటర్లు అయితే పరవాలేదు, చివరి సైజు 1.00 పడిందంటే ఇక సిలిండర్ మార్చడమే.

నా బండిలో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని మాత్రం వేరే. హెడ్డులో కటకట వస్తుంటే ఇంజన్ విప్పాలేమో అనుకున్నాను. నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త అవతల చిన్న షెడ్డులో పనిచేసే మెకానిక్ ఒకాయన విని, "ఇంజన్ ఇప్పుడే ఇప్పొద్దన్నా, ముందుగాల పక్క కవర్ తీసి చూద్దాం" అన్నాడు. ఈ ఇంజన్‌కు కొత్త బండ్లలో ఉండే కాగితం ఆయిల్ ఫిల్టర్ లేదు. కుడి పక్క క్లచ్ కవర్ లోపల గుండ్రటి గిన్నె ఒకటి క్రాంకుతో పాటు గిర్రున తిరుగుతూ ఆయిల్‌లోని మురికిని అంచులకు విసిరి అక్కడే పట్టి ఉంచుతుంది, అది కాక ఒక జాలీ ఉంటుంది. నా బండి గిన్నె మూత తీస్తే లోపల అంచు చుట్టూ నల్లటి ముద్ద గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీరితే పెచ్చులుగా ఊడింది, వేళ్ల మధ్య నలిపితే సన్నటి మెరిసే పొడి కనిపించింది. అదంతా ఏళ్లుగా అరిగిన లోహం. దాన్నీ జాలీనీ పెట్రోల్‌తో కడిగి, కొత్త గాస్కెట్ వేసి, టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేసి, కొత్త ఆయిల్ పోశాడు. కటకట పోయింది. ఖర్చు ఆయిల్‌తో కలిపి వెయ్యి రూపాయల లోపే. ఆయిల్ మార్చేవాళ్లు కోకొల్లలు, ఈ గిన్నె తీసి కడిగేవాళ్లు అరుదు, కాబట్టి కొన్న వారంలోనే దగ్గర కూర్చుని ఈ పని చేయించుకోండి. చాలా పాత ఇంజన్లు దీని వల్లే ముందుగా చస్తున్నాయని నా గట్టి నమ్మకం.

పెట్రోల్ గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఈ బండి పుట్టినప్పుడు ఆ లెక్కే లేదు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది, ట్యాంకులో తుప్పు ఉంటే దాన్ని కదిలించి కార్బొరేటర్‌లోకి తెస్తుంది. పెట్రోల్ పైపు, కార్బొరేటర్ వాషర్లు కొత్తవి వేయించండి, కాక్‌కు (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయికి) కింద చిన్న ఫిల్టర్ పెట్టండి. బండిని పది రోజులు పక్కన పెట్టేటట్టయితే కాక్ మూసి, కార్బొరేటర్ గిన్నె కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ తిప్పి ఉన్నది ఖాళీ చేయండి. ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ఆయిల్ రెండు వేల కిలోమీటర్లకు మారిస్తే మే నెల ఎండలకు కూడా భయం లేదు, గాలికే చల్లారే ఇంజన్ కాబట్టి మన ఎండలో ఆయిలే దానికి దిక్కు.

మైలేజీ నాకు లీటరుకు 60 దాకా వస్తోంది. వెనక యూరియా బస్తా వేసుకుని కాల్వ కట్ట మీద సెకండ్ గేర్‌లో పోతుంటే ఈ బండి మొండితనం తెలుస్తుంది, గుంజుతుంది కానీ ఆగదు. చైనుకు పూర్తి కవరు ఉండటం మన ఎర్ర మట్టికి, రేగడి బురదకు చాలా మేలు.

మైనస్‌లు కూడా ఉన్నాయి, దాచను. నకిరేకల్ నుంచి నల్లగొండ, హాలియా మీదుగా మాచర్ల పోయే 565 హైవే మీద దీంతో గంటకు 60 కిలోమీటర్లు దాటి పోవద్దు, ముందు డ్రమ్ బ్రేకు అంత వేగాన్ని ఆపలేదు. కొత్త బ్రేకు షూలు, కొత్త కేబుల్ వేయించినా అంతే. హెడ్‌లైటు ఇంజన్ వేగాన్ని బట్టి వెలుగుతుంది, గుంత దగ్గర నెమ్మది చేస్తే సరిగ్గా అప్పుడే వెలుగు తగ్గుతుంది. నేను చీకటి పడ్డాక హైవే ఎక్కను. వెనక షాకప్‌లు పాతవైతే ఇద్దరు కూర్చున్నప్పుడు నడుము పట్టేస్తుంది, అవి మార్చాల్సిందే. రోజూ హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లు దీన్ని కొనొద్దు.

ధర విషయానికొస్తే, ఆర్సీ చెల్లుబాటులో ఉండి, నంబర్లు సరిపోయి, పొగ లేని బండికి 15 నుంచి 20 వేలు ఇవ్వొచ్చు. కొత్త పెయింట్ వేసి ముప్పై అడిగితే వద్దు, పెయింట్ కింద ఏముందో తెలియదు, వెలిసిపోయిన ఒరిజినల్ రంగు బండే నయం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కు 75 నుంచి 150 సీసీ వరకు 2022లో పెట్టిన రేటు ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. పేపర్లు లేని బండి ఐదు వేలకే ఇస్తానన్నా ముట్టుకోకండి, స్పేర్ పార్ట్స్ కోసమే అయితే తప్ప. అలా తీసుకున్నా అమ్మేవాడి చేత కాగితం మీద రాయించుకోండి.