లండన్ పాత ఇళ్లలో అటక ఫ్లాటా, ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాటా: ఏది మేలు?

ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్, హారో వైపు ఇల్లు వెతుకుతున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నూరేళ్లు దాటిన ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టారు. ఫస్ట్ ఫ్లోర్‌లో ఒకటి, ఆ పైన అటకను గదులుగా మార్చింది ఇంకొకటి అమ్మకానికి ఉన్నాయి. పైదానికి వెలుతురు బాగుంది, నెత్తిమీద ఎవరి అడుగుల చప్పుడూ ఉండదు, ధర కూడా కాస్త తక్కువే. తీసుకోవచ్చా?

ఆ మంచి గుణాలన్నీ నిజమే. కానీ నేను ముందు అడిగేది ఒక్క కాగితం: అటకను గదులుగా మార్చినప్పుడు బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం పని నిబంధనల ప్రకారం జరిగిందో లేదో తనిఖీ చేసే విభాగం) పని పూర్తయ్యాక ఇచ్చిన కంప్లీషన్ సర్టిఫికెట్.

ఎందుకంటే ఆ కాలపు ఇళ్లలో అటక అడుగున ఉండే చెక్క దూలాలు కింది గది సీలింగును మోయడానికి వేసినవి. చాలాచోట్ల వాటి లోతు నాలుగంగుళాలే. మంచాలు, బీరువాలు, నలుగురు మనుషుల బరువును అవి ఆపలేవు. పని సరిగ్గా చేసినవాళ్లు వాటి పక్కన లోతైన కొత్త దూలాలో, స్టీలు బీములో వేస్తారు. వేశారో లేదో కార్పెట్ మీద తిరిగితే తెలియదు. గది మధ్యలో మడమ గట్టిగా ఆనించినప్పుడు కిటికీ దగ్గరున్న గ్లాసు కదిలితే అనుమానించండి. వీధి అవతలికి వెళ్లి ఇంటి కప్పు రెండు వాలులూ పైన కలిసే గీత వైపు చూడండి, మధ్యలో కుంగినట్టుంటే ఇంకా అనుమానించండి. అయినా పని జరుగుతుండగా లోపల చూసింది బిల్డింగ్ కంట్రోల్ ఇన్‌స్పెక్టరే, అందుకే ఆ కాగితం అడుగుతాను.

కాగితం లేకపోతే అమ్మేవాళ్లు ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ ఇస్తామంటారు. కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే ఖర్చుకు అది పనికొస్తుంది, అంతే. నేల బలహీనంగా ఉంటే దాన్ని ఏ పాలసీ బాగుచేస్తుంది? పైగా మీరు ముందే కౌన్సిల్‌తో మాట్లాడితే ఆ పాలసీ సాధారణంగా దొరకదు, కాబట్టి మీ సొలిసిటర్‌ని అడగకుండా ఫోన్ చేయకండి. 1985 నవంబర్ 11 తర్వాత జరిగిన పనికైతే రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్‌కి (అనుమతి లేకుండా చేసిన పనిని తర్వాత తనిఖీ చేసి ఇచ్చే కాగితం) దరఖాస్తు పెట్టుకునే వీలుంది. దానికి నేల పలకలు, ప్లాస్టరు విప్పి చూపించాల్సి రావచ్చు. అందుకు సిద్ధపడే ఓనరైతే నాకు ధైర్యంగా ఉంటుంది.

మంటల సంగతీ ఈ కాగితంతో ముడిపడిందే. అంత ఎత్తు నుంచి కిటికీలోంచి దూకలేం, మెట్లే దారి. మెట్లవైపు తెరుచుకునే తలుపుల అంచునో ఫ్రేమునో తడిమి చూడండి. సన్నని గాడిలో ఒక పట్టీ తగలాలి. వేడికి అది ఉబ్బి సందు మూస్తుంది. గాడే లేదంటే మామూలు తలుపే ఉంచేశారేమోనని అనుమానించండి.

తర్వాత లీజు, అంటే ఫ్లాటులో ఏ భాగం ఎన్నేళ్లకు మీదో చెప్పే పత్రం. ఫ్లాటుతో పాటు అటక కూడా లీజు ప్లాన్‌లో ఉందా? లేకపోతే ఆ జాగా సాధారణంగా ఫ్రీహోల్డర్‌దే (అంటే స్థలం, భవనం సొంతదారుదే), మీరు పడుకునే గది కాగితం మీద ఇంకొకరిది. కప్పు రిపేరు ఎవరి బాధ్యతో కూడా చదవండి. సాధారణంగా అందరూ పంచుకుంటారు, కొన్ని పాత లీజుల్లో మాత్రం ఆ భారమంతా పై ఫ్లాటుదే.

ఎండాకాలం కష్టమే. 2022 జులై 19న ఇంగ్లండ్‌లో 40 డిగ్రీలు దాటింది, కప్పు కింద పడుకున్నవాళ్లకు ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి. వంటగది ఏటవాలు కప్పు కింద ఉంటే పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ పెట్టడానికి చోటుండదు, మన పోపుల పొగ ఇల్లంతా పట్టుకుంటుంది. అమ్మానాన్నలు ఆరు నెలలకని వస్తే రోజూ ఆ మెట్లెక్కాలి.

ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాటుకు పెద్ద లోపం పైవాళ్ల చప్పుడు. పైన అటక సరిగ్గా మార్చకపోతే అది ఇంకా ఎక్కువ. అయినా గోడలు నిటారుగా ఉంటాయి, కొన్న ప్రతి అడుగూ వాడుకోవచ్చు, మళ్లీ అమ్మేటప్పుడు అడిగే కాగితాలు తక్కువ. నా మొగ్గు దీనివైపే. సర్టిఫికెట్, లీజు రెండూ సరిగ్గా ఉండి, ఫ్రీహోల్డ్‌లో వాటా కూడా వస్తుంటే అప్పుడు పైదాన్ని కాదనను.

 

ఏది కొన్నా లెవెల్ 3 సర్వే (భవనాన్ని అన్నిటికంటే వివరంగా పరిశీలించే సర్వే) చేయించండి. అటక నేల, కప్పు దూలాలు ప్రత్యేకంగా చూడమని సర్వేయర్‌కి బుక్ చేసేటప్పుడే చెప్పండి. కార్పెట్ అంచు లేపి చూడటానికి ఓనరు అనుమతి కూడా ముందే అడగండి.