ఇన్వర్టర్ బ్యాటరీ కొనేవాళ్లకు హెచ్చరిక: స్టిక్కర్ చూసి డబ్బు కట్టకండి

ఇంటికి ఇన్వర్టర్ పెట్టించుకుందామని తిరుగుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే షాపుకి వెళ్లండి. కొత్తదని చెప్పి మాకు అంటగట్టిన బ్యాటరీ కొత్తది కాదు. ఎక్కడో వాడి పక్కన పడేసిన సరుకుకి పైన కొత్త స్టిక్కర్ వేసి అమ్మారు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఫ్యాన్ ఆగితే ఊపిరాడదు, చీకట్లో లేచి నడవలేరు అని చెప్పి మరీ అడిగితే ఇలాంటిది ఇచ్చారు. డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధ.

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) టాల్ ట్యూబులర్ అన్నారు, అంటే గొట్టాల్లాంటి ప్లేట్లున్న ఎత్తు రకం. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ లైట్లు, వైఫై రౌటర్ పెట్టుకుంటే ఎనిమిది గంటలు ఢోకా లేదన్నారు. గట్టిగా కరెంటు పోయిన మొదటి రాత్రే గంట కూడా నిలవలేదు. షాపుకి ఫోన్ చేస్తే లోడ్ ఎక్కువైందన్నారు. మళ్లీ చేస్తే డిస్టిల్డ్ వాటర్ సరిగ్గా పోయలేదేమో అన్నారు. అప్పటికి ఆ మూతలు మేం తెరవనే లేదు.

లోడ్ మాట ఎంత నిజమో లెక్క కట్టి చూడండి. మామూలు ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు, లైట్లూ రౌటరూ కలిపి ఇంకో 50. మొత్తం 200 వాట్లు. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. అంతా చేతికి రాదు. ఆ 150 అనేది సాధారణంగా 20 గంటల పాటు నెమ్మదిగా, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్క. మనం 200 వాట్లు లాగితే దాదాపు 17 ఆంపియర్లు పోతాయి, అప్పుడు కెపాసిటీ తగ్గుతుంది. ఇన్వర్టర్ తినేది ఇంకొంత. ఇవన్నీ తీసేసినా మంచి బ్యాటరీ నాలుగైదు గంటలు లాగాలి. కాబట్టి ఎనిమిది గంటలన్నదీ అబద్ధమే, లోడ్ ఎక్కువైందన్నదీ అబద్ధమే.

చివరికి తెలిసిన మెకానిక్‌ని పిలిపించాం. బ్యాటరీని నిండా చార్జ్ చేయించి ఆయన ఒక్కో మూత తీసి హైడ్రోమీటర్ పెట్టారు, లోపలి యాసిడ్ సాంద్రత కొలిచి చార్జ్ ఎంతుందో చెప్పేది అదే. నిండిన ట్యూబులర్‌లో రీడింగు 1.240 దగ్గర ఉండాలి. ఐదు సెల్స్‌లో 1.220కి అటూ ఇటూ చూపించింది, ఆరోదాంట్లో 1.130 దాటలేదు. రెండేసి వోల్టుల సెల్స్ ఆరు వరసగా కలిస్తేనే 12 వోల్టులు. అందులో ఒకటి చచ్చుబడితే లోడ్ పడగానే వోల్టేజి జారిపోతుంది, 10.5 దగ్గరకి రాగానే ఇన్వర్టర్ ఆపేస్తుంది. మా ఇంట్లో జరిగింది ఇదే.

తర్వాత ఆయన టెర్మినల్ మీద దట్టంగా పూసిన గ్రీజు గుడ్డతో తుడిచారు. కింద సీసం మీద పాత నట్టు బిగించిన గాట్లు, వాటిని ఆకురాయితో రాసిన గీతలు కనిపించాయి. ముందువైపు స్టిక్కర్ మూల గోరుతో లేపితే అడుగున ఇంకో స్టిక్కర్. వారంటీ కార్డులో సీరియల్ నంబరు గడి ఖాళీగా ఉంది, బిల్లులో ఊరికే ‘బ్యాటరీ ఒకటి’ అని రాసి ఉంది.

అందుకే చెబుతున్నా, డబ్బు కట్టకముందే బ్యాటరీ ఒంటి మీద చెక్కిన సీరియల్ నంబరూ తయారీ తేదీ కోడూ చూడండి. స్టిక్కర్ మీదది లెక్కలోకి తీసుకోకండి. కోడ్ అర్థం కాకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి అక్కడినుంచే ఫోన్ చేసి అడగండి. అదే నంబరు బిల్లు మీదా కార్డు మీదా రాయించి, షాపు ముద్ర వేయించుకోండి. వాడనిదైనా నెలల తరబడి చార్జ్ లేకుండా గోడౌన్‌లో పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ పోతుంది, కాబట్టి పాత తేదీ ఉంటే వద్దనండి. టెర్మినల్స్ తుడిపించి చూడండి. ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన బరువు ఎంతో చూసుకుని కాటా వేయించండి. సీసం తగ్గించి చేసిన నకిలీ బరువులో దొరికిపోతుంది. మల్టీమీటర్‌లో 12.6 చూపించి బాగుందంటే ఒప్పుకోవద్దు, లోడ్ లేనప్పుడు బలహీనమైనదీ అంతే చూపించొచ్చు. లోడ్ పెట్టి చూపించమనండి. వారంటీ ఎన్ని నెలలన్నా, అందులో పూర్తిగా మార్చి ఇచ్చేది ఎన్ని నెలలో విడిగా అడగండి. మిగతా కాలానికి వచ్చేది చాలాసార్లు కొత్తదాని మీద తగ్గింపు మాత్రమే.

ఇన్వర్టర్ విషయంలో ఒక్కమాట: స్క్వేర్ వేవ్‌ది (కరెంటుని నునుపుగా కాకుండా మెట్లుమెట్లుగా ఇచ్చేది) తక్కువకు వస్తుందని తీసుకోకండి, ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి. మామూలు ఇంటి కరెంటులాగే ఇచ్చే ప్యూర్ సైన్ వేవే అడగండి. ఈ గొడవంతా ఎందుకని జనరేటర్ వైపు వెళ్లేవాళ్లు దాన్ని ఇంట్లో గానీ, మూసిన వరండాలో గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ నడపవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఈ వారంలోనే నిండా చార్జ్ చేయించి ఆరు సెల్స్ రీడింగులూ తీయించండి. ఒకదానికీ ఇంకోదానికీ 0.050 కంటే తేడా ఉంటే ఫొటోలు తీసి, బిల్లు జతచేసి కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. షాపువాళ్లు ఫోన్‌లో చెప్పే ‘రేపు పంపిస్తాం’ కోసం ఆగితే వారంటీ గడువు కరిగిపోతుంది.