ఊరి గ్రౌండ్‌కి ఏది మేలు: పెద్ద కాంప్లెక్సా, చదును చేసిన మట్టి నేలా?

శ్రీకాకుళంలో ఆటస్థలం మాట ఎత్తితే చర్చ చివరికి కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గరకే వస్తుంది. పాతది పడగొట్టారు, కొత్తది మొదలుపెట్టారు, పనులు ఏళ్ల తరబడి నడిచాయి. అందుకే ఏ గ్రౌండ్‌ని బాగుచేస్తామన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: పని జరిగినన్నాళ్లూ పిల్లలు ఎక్కడ పరుగెత్తాలి?

అమెరికాలో ఇదే గొడవ మునిసిపల్ గోల్ఫ్ కోర్సుల (గోల్ఫ్ మైదానాల) మీద నడుస్తోంది. గోల్ఫ్ అంటే మనకు డబ్బున్నవాళ్ల ఆటే గానీ, అక్కడ ఊరి సొమ్ముతో నడిచే కోర్సుల్లో మామూలు జనం కూడా ఆడతారు. చికాగో జాక్సన్ పార్కులోని 1899 నాటి కోర్సును పక్కనున్న సౌత్ షోర్ కోర్సుతో కలిపి, గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ డిజైన్‌తో పెద్ద టోర్నమెంట్ల స్థాయికి తెస్తామని 2016లో ప్రకటించారు. తొలి అంచనాయే 3 కోట్ల డాలర్లు. ఫీజు పెరుగుతుందని, చెట్లు పోతాయని స్థానికులు అడ్డం తిరిగారు. పని ఏళ్లకేళ్లు కదల్లేదు. అదే 2016లో ఫ్లోరిడాలోని వింటర్ పార్క్ ఊళ్లో 9 హోల్స్ (బంతి వేసే గుంటలు) ఉన్న చిన్న కోర్సును సుమారు 12 లక్షల డాలర్లతో బాగుచేసి తెరిచేశారు. ఊరి వీధులు ఇప్పటికీ ఆ కోర్సు మధ్యలోంచే వెళ్తాయి.

మన దగ్గరికొస్తే, పెద్ద కాంప్లెక్స్ దండగని నేననను. సింథటిక్ ట్రాక్ మీద అలవాటైన పిల్ల రాష్ట్ర మీట్‌లో తడబడదు. కానీ దానితో పాటే గేటు, వాచ్‌మన్, నెల ఫీజు వస్తాయి. పైపొర అరిగితే ఇంకో టెండరు. అలాంటిది జిల్లాకి ఒకటుంటే చాలు.

తెల్లారకముందే గ్రౌండ్‌కి వచ్చేది ఎవరు? ఆర్మీకి, కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్లు. వాళ్లకి కావలసింది 1600 మీటర్లు కొలుచుకోవడానికి సున్నంతో సరిగ్గా గీసిన ట్రాక్, లాంగ్‌జంప్‌కి ఇసుక గుంట, పుల్‌అప్స్‌కి ఇనప బార్, నాలుగు లైట్లు, తాగునీళ్లు, ఆడపిల్లలకి తాళం వేయని మరుగుదొడ్డి. అన్నిటికన్నా ముందు వాన నీరు పోయే కాలువ. ఒక్క వానకే చెరువయ్యే నేల మీద గ్యాలరీ కట్టి ఏం లాభం? సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది మన జిల్లా ఊసవానిపేట. అదే ఆటలో 2014 కామన్వెల్త్ పతకం తెచ్చిన మత్స సంతోషిది విజయనగరం జిల్లా కొండవెలగాడ. రెండూ పల్లెలే.

రోడ్డు వైపు షాపులు కట్టి, ఆ అద్దెతో గ్రౌండ్ నడపాలని ఇంకొందరంటారు. అద్దె వస్తుంది, నిజమే. గోడ మాత్రం ఏటా కొంచెం లోపలికి జరుగుతుంది.

నా ఓటు మట్టి నేలకే, రెండు షరతులతో. సగం గ్రౌండ్ ఆటకి వదిలి మిగతా సగంలో పని చేయాలి. ఉదయం 5 నుంచి 8 దాకా ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదని నగరపాలక సంస్థ తీర్మానంలోనే రాయాలి. నోటిమాటగా వదిలేస్తే, నిర్వహణ కాంట్రాక్టు చేతులు మారిన రోజే గేటు దగ్గర రేట్ల బోర్డు వేలాడుతుంది.