హీటరుకు ఎస్‌ఎస్‌ఆరా, కాంటాక్టరా? మరి మోటరుకు?

కొత్త ప్యానెల్ కట్టించే ప్రతిచోటా ఈ ప్రశ్న వస్తుంది. కాంటాక్టరంటే కాయిల్ లాగితే లోహపు పాయింట్లు తాకి కరెంటు కలిపే స్విచ్చు. ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) అదే పనిని కదిలే భాగాలు లేకుండా సెమీకండక్టరుతో చేస్తుంది. చాలామంది ధర చూసి తేల్చేస్తారు. చూడాల్సింది మాత్రం ఆ లోడు గంటకు ఎన్నిసార్లు ఆన్-ఆఫ్ అవుతుందని. ఆ లెక్క వేయకుండా చిత్తూరు పక్క మామిడి తాండ్ర ఆరబెట్టే ట్రే డ్రయరుకూ, రేణిగుంట వైపు ప్లాస్టిక్ కవర్లు తీసే ఎక్స్‌ట్రూడరుకూ ఒకే డ్రాయింగు ఇచ్చేస్తే, ఒకచోట డబ్బు దండగ, ఇంకోచోట ఏడాదికో కాంటాక్టరు.

ముందు డ్రయరు సంగతి. 9 కిలోవాట్ల డ్రయరంటే 3 కిలోవాట్ల హీటర్లు మూడు, స్టార్ కనెక్షన్, ఫేజుకు సుమారు 13 ఆంపియర్లు. లోపల 60–65 డిగ్రీలు చాలు. ట్రేలు, తడి గుజ్జు, లోపలి ఇనుము అన్నీ కలిసి వేడిని మెల్లగా తీసుకుంటాయి, మెల్లగానే వదులుతాయి. రెండు డిగ్రీల తేడా పెట్టి మామూలు ఆన్-ఆఫ్ కంట్రోలరు వాడితే గంటకు ఇరవైసార్లు పడిలేచినా ఎక్కువే. రోజుకు 16 గంటలు, తోతాపురి సీజను 70 రోజులు అనుకుందాం. మొత్తం 22,400 సార్లు. కాంటాక్టరు మెకానికల్ లైఫ్ కోటి దాకా ఉంటుంది. పూర్తి కరెంటు మీద కాంటాక్టు పాయింట్ల లైఫ్ కొన్ని లక్షలు. ఈ డ్రయరు దాన్ని ఏళ్ల తరబడి అరగదీయలేదు. ఇక్కడ కాంటాక్టరే మేలు. ఎస్‌ఎస్‌ఆర్ వేస్తే పని పాడుకాదు గానీ, అందుకు పెట్టే ఖర్చుకు ఫలితం కనబడదు.

కాంటాక్టరు కొనేటప్పుడు దాని మీది రెండు రేటింగులు చూడాలి. ఏసీ-1 హీటర్లకు, ఏసీ-3 మోటర్లకు. ఏసీ-3లో 9 ఆంపియర్లున్న కాంటాక్టరు ఏసీ-1లో సాధారణంగా 20–25 దాకా మోస్తుంది. 13 ఆంపియర్ల హీటరుకు అది కాగితం మీద చాలు. ఎండాకాలం ప్యానెల్ లోపలి వేడి తలచుకుని ఒక సైజు పైది తీసుకోండి. హీటరు కాంటాక్టరు కాయిల్ వైరును బ్లోయరు కాంటాక్టరు ఎన్‌ఓ పాయింటు (ఆ కాంటాక్టరు పడినప్పుడే కలిసేది) గుండా తిప్పి తేవడం మరవకండి. గాలి ఆడకుండా హీటరు వెలిగితే తాండ్ర మాడేలోపే హీటరు మాడుతుంది.

ఇక ఎక్స్‌ట్రూడరు బ్యారెల్. జోనుకు 1.5 కిలోవాట్ల బ్యాండ్ హీటరు, అంటే ఆరున్నర ఆంపియర్లు. చూస్తే చిన్న లోడే. కానీ ఇక్కడ పీఐడీ కంట్రోలరు (టెంపరేచరు తేడాను బట్టి హీటరును ఎంతసేపు వెలిగించాలో లెక్కేసేది) ఉంటుంది, టెంపరేచరు రెండు మూడు డిగ్రీలు ఊగినా ఫిల్మ్ మందంలో తెలిసిపోతుంది. రిలే అవుట్‌పుట్ మీద సైకిల్ టైమ్ (ఒక ఆన్-ఆఫ్ జతకు పట్టే సమయం) 20 సెకన్లు పెడితే గంటకు 180 సార్లు, రోజుకు 16 గంటలకు 2,880, ఏడాదికి 300 రోజులకు 8,64,000. కాంటాక్టరు పాయింట్లు ఏడాది తిరగకముందే నల్లబడి, గుంటలు పడి, ఒకరోజు అతుక్కుపోతాయి. సైకిల్ టైమ్ 2 సెకన్లకు దించితే కంట్రోలు చక్కగా ఉంటుంది గానీ ఆ 8,64,000 సార్లూ 30 రోజుల్లోనే అయిపోతాయి. ఎస్‌ఎస్‌ఆరులో అరిగే పాయింట్లే లేవు. సీలింగ్ మిషనులో కవరును నొక్కి అతికించే వేడి దవడలకైనా, ష్రింక్ టన్నెలుకైనా ఇదే లెక్క.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటొకటి. షాపులో దొరికింది కదాని రిలే అవుట్‌పుట్ పీఐడీ తెచ్చి, దాని రిలేతో 12 వోల్టుల సప్లైని ఎస్‌ఎస్‌ఆరుకు ఇస్తారు. పని జరుగుతుంది. కానీ 2 సెకన్ల సైకిలుకు ఇప్పుడు పీఐడీ లోపలి చిట్టి రిలే టకటకా కొట్టుకుని చస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్ డ్రైవ్ అవుట్‌పుట్ ఉన్న పీఐడీనే అడిగి తెచ్చుకోండి. అది నేరుగా 12 లేదా 24 వోల్టుల డీసీ పల్సు ఇస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్ ఇన్‌పుట్ సాధారణంగా 3 నుంచి 32 వోల్టుల డీసీ, ప్లస్-మైనస్ తిరగేయకూడదు.

ఎస్‌ఎస్‌ఆర్ అడిగే మూల్యం వేడి. ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద ఒక వోల్టు పైచిలుకు పడుతుంది, ఆంపియరుకు సుమారు 1.2 వాట్లు అనుకోండి. 13 ఆంపియర్లకు దాదాపు 16 వాట్లు, మూడు ఫేజులకు 48. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ ప్యానెల్లో రోజంతా వెలుగుతున్నట్టు. మే నెలలో తిరుపతిలో బయటే 42 దాటుతుంది, మూసిన ప్యానెల్లో 55 అనుకోవడం న్యాయం. ఎస్‌ఎస్‌ఆర్ అడుగు రేకు 80 దాటకూడదనుకుంటే మిగిలింది 25 డిగ్రీలు. 25ను 48తో భాగిస్తే వాటుకు 0.5 డిగ్రీ. అంటే మూడింటికీ కలిపి ఆ రేటింగు ఉన్న హీట్‌సింకు కావాలి. అరచేతి సైజు అల్యూమినియం ముక్కతో అయ్యే పని కాదు. అంత పెద్దది పట్టకపోతే ప్యానెలుకు ఫ్యాను పెట్టాలి. రెక్కలు నిలువుగా ఉండాలి, పైనా కిందా ఖాళీ వదలాలి. ఎస్‌ఎస్‌ఆర్ కింద థర్మల్ పేస్టు పలచగా రాయాలి. మందంగా పూస్తే అదే వేడిని ఆపుతుంది.

పెట్టె మీద 40 ఆంపియర్లు అని ఉన్నంత మాత్రాన లోపలి చిప్ అంతది కానక్కర్లేదు. తక్కువ ధర సరుకులో చిన్న ట్రయాక్ పెట్టి పెద్ద అంకె అచ్చేసేవి మార్కెట్లో తిరుగుతున్నాయి. హీటరు కరెంటుకు కనీసం రెట్టింపు రేటింగు తీసుకోండి, నమ్మకమైన చోట కొనండి. 415 వోల్టుల లైను మీద 480 వోల్టుల రకం, 1200 వోల్టుల పీక్ ఓర్చుకునేదే వేయాలి. 240 వోల్టుల రకం ఉరుములు మొదలైన మొదటి నెలలోనే పోతుంది. లోడు టెర్మినళ్లకు అడ్డంగా ఎంఓవీ (వోల్టేజి పోటును మింగే భాగం) ఉంటే ఇంకా మంచిది. ఇందులో కాంటాక్టరుదే పైచేయి, సర్జ్ వచ్చినా చలించదు. కానీ లో వోల్టేజిలో కథ తిరగబడుతుంది. కాయిల్ రేటింగులో 85 శాతం దాకానే గ్యారంటీ, 230 వోల్టుల కాయిలుకు అది 195. ఇంకా పడితే గిజగిజలాడుతూ పాయింట్లు కాల్చుకుంటుంది. డీసీతో నడిచే ఎస్‌ఎస్‌ఆరుకు ఆ బెడద లేదు.

షార్టు పడితే ఎంసీబీ ట్రిప్ అయ్యేలోపే ఎస్‌ఎస్‌ఆర్ పోతుంది. దాన్ని కాపాడాలంటే చాలా వేగంగా తెగే సెమీకండక్టర్ ఫ్యూజే వేయాలి, ఫ్యూజు ఐ-స్క్వేర్డ్-టీ (కరెంటు వర్గాన్ని సమయంతో గుణించిన) విలువ ఎస్‌ఎస్‌ఆరుదాని కంటే తక్కువ ఉండాలి. చాలామంది ఖరీదు చూసి మానేస్తారు. చిన్న లోడులో అర్థం చేసుకోవచ్చు, పెద్ద ఓవెన్లో కాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎస్‌ఎస్‌ఆర్ చచ్చేటప్పుడు ఎక్కువగా షార్టయి చస్తుంది. పీఐడీ ఆపమంటున్నా హీటరు ఫుల్లుగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఎస్‌ఎస్‌ఆర్ వేసిన ప్రతి హీటరు ముందూ ఒక కాంటాక్టరు ఉండాలి. దాన్ని పీఐడీతో సంబంధం లేని వేరే సెన్సరు, వేరే థర్మోస్టాటు ఆపాలి, చేత్తో రీసెట్ చేస్తే తప్ప తిరిగి పడకూడదు. రోజుకు రెండుమూడుసార్లు పడే కాంటాక్టరు గనుక పదేళ్లు నిలుస్తుంది. కాబట్టి ఎక్స్‌ట్రూడరుకు ఏది మేలంటే రెండూ. అడ్జస్ట్ చేసేది ఎస్‌ఎస్‌ఆర్, కాపాడేది కాంటాక్టరు.

ఎస్‌ఎస్‌ఆర్ పోయిందో లేదో చూడ్డానికి మల్టీమీటరును నమ్మకండి. లోపలి స్నబ్బర్ (వోల్టేజి పోటును మెత్తబరిచే చిన్న సర్క్యూటు) గుండా ఆఫ్‌లో కూడా కొన్ని మిల్లీఆంపియర్లు కారుతాయి, లోడు లేకపోతే మీటరు నిండు 230 చూపిస్తుంది. హీటరు తీసేసి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఇన్‌పుట్ వైరు విప్పండి. బల్బు నిండుగా వెలిగితే షార్టు. ఇన్‌పుట్ ఇచ్చినా వెలగకపోతే ఓపెన్. ఎల్‌ఈడీ బల్బు పెడితే మంచి ఎస్‌ఎస్‌ఆరుకూ మినుకుమినుకుమంటుంది, మోసపోతారు. అలాగే ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉందని హీటరు వైరు పట్టుకోకూడదు, ఐసొలేటరు దింపాల్సిందే. లోడు స్క్రూల దగ్గర లగ్గు గోధుమరంగుకు తిరిగి, స్లీవు ముడుచుకుని ఉంటే అక్కడ బిగింపు వదులైందని అర్థం. నెలకోసారి పవరు తీసి బిగించండి.

మోటరు దగ్గర నా ఓటు కాంటాక్టరుకే. 5 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు సుమారు ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగులో ఆరేడు రెట్లు. ఏసీ-3లో 9 ఆంపియర్ల కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటరును ఆపేది). ఈ సెట్టు ప్రతి షాపులో దొరుకుతుంది. ఎస్‌ఎస్‌ఆరుతో ఆ స్టార్టింగును తట్టుకోవాలంటే చాలా పెద్దది కావాలి. ఖర్చు తగ్గించాలని రెండు ఫేజుల్లోనే ఎస్‌ఎస్‌ఆర్ వేసి మూడోది నేరుగా ఇచ్చే పద్ధతి ఉంది. న్యూట్రల్ లేని హీటర్లకు పరవాలేదు, మూడో వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుందని గుర్తుంటే చాలు. న్యూట్రల్ కలిపిన స్టారుకు మూడూ కావాలి. మోటరుకు ఆ పద్ధతి ప్రమాదం. రెండింట్లో ఒకటి షార్టయితే, ఆగి ఉన్న మోటరుకు రెండు ఫేజులు అందుతాయి. తిరగదు, బుర్రుమంటూ నిలబడి వైండింగు కాల్చుకుంటుంది.

ఫార్వర్డ్-రివర్స్ తిరిగే మోటరుకు నాలుగు ఎస్‌ఎస్‌ఆర్లు వేస్తే, ఒకటి షార్టయి ఉండగా అవతలి దిక్కు నొక్కినప్పుడు ఫేజుకు ఫేజు నేరుగా కలిసిపోతుంది. మెకానికల్ ఇంటర్‌లాక్ ఉన్న కాంటాక్టర్ల జతలో అది జరగదు. నిమిషానికి పదిసార్లు ఆగి బయల్దేరే చిన్న కన్వేయరు లాంటి చోట మాత్రం కాంటాక్టరు నిలవదు. అక్కడ ఎస్‌ఎస్‌ఆర్ గురించి కాదు, చిన్న వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటరును నడిపే డ్రైవు) గురించి అడగండి.