ఐఐటీ మద్రాస్ రూపొందించిన ‘కదం’ కృత్రిమ మోకాలు: వాడకంలో ఎలా ఉంది?

మోకాలి పైభాగం నుంచి కాలు కోల్పోయినవారి కోసం ఐఐటీ మద్రాస్ పరిశోధకులు, సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ, మొబిలిటీ ఇండియా సంస్థలతో కలిసి 2022లో తెచ్చిన ‘కదం’ను మా బాబాయి వాడుతుండగా దగ్గరుండి గమనించాను. ఒకే ఇరుసు మీద వంగే మోకాళ్లలా కాకుండా ఇందులో వంగే కేంద్రం కదులుతూ ఉంటుంది కనుక, బరువు మోపినప్పుడు మోకాలు హఠాత్తుగా మడతపడే భయం తగ్గుతుంది, అడుగు వేసేటప్పుడు పాదం నేలకు తట్టుకోవడమూ తగ్గుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది, ఇది 160 డిగ్రీల వరకు వంగడం. ఇదివరకు ఆటోలో కాలు అడ్డంగా చాచి, పక్కవారికి క్షమాపణ చెప్పుకుంటూ కూర్చునే బాబాయి, ఇప్పుడు ప్యాంటు మీదనుంచే మోకాలిని చేత్తో సర్ది, పాదాన్ని సీటు కిందికి లాక్కుంటారు. యంత్రశాస్త్రం, వైద్యం, కృత్రిమ అవయవాలు అమర్చేవారి అనుభవం ఒకచోట కలిస్తేనే ఇలాంటి పరికరం వస్తుందని నా నమ్మకం.

అయితే ఇది పూర్తిగా యాంత్రికమైనది. ఖరీదైన మైక్రోప్రాసెసర్ మోకాళ్లలా నడక వేగాన్నిబట్టి తనంతట తాను మారదు. తొడకు తొడిగే సాకెట్ సరిగ్గా కుదరకపోతే ఎంత మంచి మోకాలైనా నొప్పే మిగులుస్తుంది కాబట్టి, కొనే ముందు అమరికకు, నడక శిక్షణకు తగినంత సమయం కేటాయించండి.