నెత్తిన ఎండ, ఇంట్లో చీకటి: ఏడాదిన్నర సోలార్ అనుభవం

కరెంటు పోతే మా డాబా మీది సోలార్ కూడా ఆగిపోతుంది. ఎండ ఎంత కాస్తున్నా సరే. సంతకం పెట్టేముందు ఈ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పలేదు. ప్యానెళ్లు ఏ కంపెనీవి, వారంటీ ఎన్నేళ్లు, సబ్సిడీ ఎప్పుడు పడుతుంది అని గంటన్నర కూర్చుని మాట్లాడుకున్నాం. ఇది మాత్రం మాటల్లోకి రాలేదు. వాడటం మొదలుపెట్టి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు రాస్తున్న ఈ సమీక్షలో సగానికి పైగా ఆ మాట గురించే ఉంటుంది.

మాది విజయవాడ పాయకాపురం. కింది వాటా అద్దెకిచ్చి పైన మేముంటాం, నేను, నా భార్య, అమ్మ, నాన్న. 2024 ఏప్రిల్‌లో పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, గోడకు ఒక ఇన్వర్టర్, కింద మెట్ల పక్కన నెట్ మీటరు, అంటే లైను నుంచి మనం తీసుకున్నదీ లైనుకు మనం ఇచ్చిందీ లెక్కగట్టే మీటరు. అప్పటికి రెండు నెలల ముందే, ఫిబ్రవరిలో, కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. అది మా ఖాతాలో పడింది కూడా. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లను.

బిల్లు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అంతకుముందు మే నెలలో రెండు ఏసీలు తిరిగితే 480 యూనిట్ల దాకా కాలేది, బిల్లు మూడున్నర వేలకు అటూ ఇటూ వచ్చేది. సోలార్ వచ్చాక మొదటి మే నెలలో నికరంగా 95 యూనిట్లే పడ్డాయి, కట్టింది నాలుగొందల లోపు. ఇక్కడ గమనించాల్సింది శ్లాబులు. మన రాష్ట్రంలో 226 నుంచి 400 దాకా యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. సోలార్ ముందు ఆ ఖరీదైన యూనిట్లనే కోసేస్తుంది. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి ఇంత లాభం ఉండదు, ఏసీలున్న ఇంటికి ఉంటుంది. నేను చుట్టాలందరికీ ఊదరగొట్టినప్పుడు ఈ తేడా చెప్పలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నా.

ఇంకో మాట. విజయవాడ ఎండలకు మే నెలలో కరెంటు దంచి కొడుతుందనుకున్నాను. కొట్టదు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు, సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటి లెక్క. మే మధ్యాహ్నం డాబా మీద ఆ సెల్స్ 65, 70 డిగ్రీలకు చేరతాయి. 25 దాటిన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. నా లెక్కల పుస్తకంలో మార్చి నెల రోజుకు 14 యూనిట్లు, మే నెల పన్నెండున్నర. దానికి బాధ లేదు, భౌతికశాస్త్రం అంతే. బాధ వేరే ఉంది.

మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే ఏమిటి? కరెంటు పోతే లైట్లూ ఫ్యాన్లూ తిప్పే పెట్టె. ఇరవై ఏళ్లుగా ఆ మాటకు అదే అర్థం. సోలార్‌తో వచ్చే పెట్టెనూ ఇన్వర్టర్ అనే అంటారు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును, ఇళ్లలో వాడే ఏసీ కరెంటుగా మార్చి ఊరి లైనులో కలపడమే దాని పని, బ్యాటరీ ఉండదు. పేరు ఒకటే కావడంతో ఇంటిల్లిపాదీ ఒకటే అనుకున్నాం. బిగించడానికి వచ్చిన కుర్రాడు హాల్లో ఉన్న మా పాత ఇన్వర్టర్‌నీ ట్యూబులర్ బ్యాటరీనీ చూసి, "సోలార్ వచ్చాక ఇది ఎందుకు సార్, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. ఇచ్చేశాం. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని, నేనైనా ఆగి అడగాల్సింది. నాలుగు నెలల దాకా అడగాల్సిన అవసరం రాలేదు.

2024 ఆగస్టు 31 శనివారం కురిసిన వాన విజయవాడలో ఎవరూ మర్చిపోరు. తెల్లారేసరికి బుడమేరు వాగు మా వీధిలో ఉంది. డైవర్షన్ కాలువకు గండ్లు పడి ఆ నీళ్లన్నీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మీదికి వచ్చేశాయి. మా మెట్లు ఒక్కొక్కటే ముంచుతూ నీళ్లు ఎనిమిదో మెట్టు దగ్గర ఆగాయి. కింది వాటా వాళ్లు నలుగురూ చిన్నపిల్లతో సహా పైకి వచ్చేశారు. నీళ్లలో కరెంటు ప్రమాదమని సరఫరా ఆపేశారు, అది సరైన పనే. నెట్ మీటరు ఎలాగూ మునిగిపోయింది.

అమ్మ అన్నది, "ఏరా, మనకు పైన ఇన్వర్టర్ ఉందిగా, భయమెందుకు?"

ఆ రోజు మబ్బు. సోలార్ పని చేయకపోవడానికి మబ్బే కారణమని అమ్మకు చెప్పాను. అప్పటికే నాకు అనుమానం వచ్చింది. ఇన్వర్టర్‌కు ఎర్ర లైటు వెలిగి, తెర మీద గ్రిడ్, అంటే ఊరి కరెంటు లైను, లేదని చూపిస్తోంది.

మూడో రోజు ఎండ కాసింది. వాన కడిగిన ఆకాశం, ప్యానెళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. బోరు మోటారు ఒక హార్స్‌పవర్, అంటే 746 వాట్లు. నా నెత్తి మీద మూడు వేల వాట్లున్నాయి. చుట్టూ నడుము లోతు నీళ్లు, ఇంట్లో బకెట్ మంచినీళ్లు. ఎనిమిది మందిమి. ఫ్రిజ్ ఆగి రెండు రోజులైంది, అందులో నాన్న ఇన్సులిన్ ఉంది. నేను ఆ ప్యానెళ్ల పక్కన నిలబడి ఏం చేయాలో తోచక చాలాసేపు అలాగే ఉండిపోయాను. అంత నిస్సహాయంగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇన్సులిన్ సంగతి అమ్మే చూసింది. మట్టి కుండలో అడుగున ఇసుక పోసి తడిపి, లోపల స్టీలు డబ్బాలో ఇన్సులిన్ పెన్నులు పెట్టి, పైన తడి గుడ్డ చుట్టింది. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. వాడుకలో ఉన్న పెన్ను మరీ వేడి తగలకపోతే నాలుగు వారాల దాకా బయట ఉంచవచ్చని తర్వాత డాక్టరు గారు చెప్పారు. ఆ రోజు మాకు అది తెలియదు, టెన్షన్ మాత్రం తెలుసు.

ఫోన్ల సంగతి పక్క సందులో టైలరింగ్ చేసే బాబాయి చూశాడు. ఆయన రేకుల షెడ్డు మీద ఎప్పటిదో వంద వాట్ల ప్యానెల్ ఒకటి, దానికో చిన్న బ్యాటరీ ఉన్నాయి. రాత్రిళ్లు కుట్టుకోవడానికి లైటూ ఫ్యానూ నడుపుకునేవాడు. వరద రాగానే బ్యాటరీ మోసుకుని పక్క డాబా ఎక్కాడు, ప్యానెల్ కూడా విప్పుకొచ్చి అక్కడ పెట్టాడు. మూడు సందుల ఫోన్లు ఆయన దగ్గరే చార్జయ్యాయి. క్యారీబ్యాగుల్లో పెట్టి డాబా మీంచి డాబా మీదికి తాళ్లతో దాటించుకునేవాళ్లం. పడవలు ఏ వైపు వస్తున్నాయో, డ్రోన్లు పాలూ బిస్కెట్లూ ఎక్కడ దించుతున్నాయో ఆ ఫోన్ల ద్వారానే తెలిసేది. నా మూడు వేల వాట్లు చేయలేని పని ఆయన వంద వాట్లు చేశాయి. ఏ గ్రిడ్‌తోనూ సంబంధం లేదు కాబట్టి చేశాయి.

ఇది కంపెనీ పెట్టిన తిరకాసు కాదు. కారణం న్యాయమైనదే. మా ఇన్వర్టర్ ఊరి లైనులో వచ్చే 50 హెర్ట్జ్ అలను, అంటే సెకనుకు 50 సార్లు ఊగే కరెంటును చూసి, దానితో అడుగు కలిపి నడుస్తుంది. ఆ అల ఆగితే రెండు సెకన్ల లోపు తనూ ఆగాలి, ప్రమాణాలు చెప్పేది అదే. ఎందుకంటే, లైను ఆపారన్న నమ్మకంతో లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. మన డాబా మీది కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళితే అటువైపు అది 11,000 వోల్టులవుతుంది. ఆ మనిషి ప్రాణం పోతుంది. ఆ వరదలో రాత్రీపగలూ నీళ్లలో నిలబడి లైన్లు బాగుచేసిన వాళ్లను నేను కళ్లారా చూశాను. వాళ్ల కోసం నా సోలార్ ఆగిపోవాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు.

నా కోపం దాని తర్వాతి అడుగు గురించి. ఊరి లైనుతో తెగిపోయాక, ఇంటి లోపలికి మాత్రం ఒక ప్లగ్గుకు కరెంటు ఇవ్వడానికి అడ్డేమిటి? లైన్‌మన్‌కు దానితో ఏ ప్రమాదమూ లేదు. జపాన్‌లో ఇంటి సోలార్ ఇన్వర్టర్లకు ఇలాంటి ప్లగ్ ఉండటం మామూలు. గ్రిడ్ పోయినప్పుడు చేత్తో మార్చుకుంటే ఎండ ఉన్నంతసేపు 1,500 వాట్ల దాకా ఇస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు. 2011 భూకంపం, సునామీ తర్వాత అక్కడి జనం దాన్ని వాడుకున్నారు. జర్మనీ కంపెనీ ఎస్‌ఎంఏ కూడా అమెరికాలో అమ్మిన కొన్ని మోడళ్లకు ఇలాంటి ప్లగ్ పెట్టింది. మబ్బు అడ్డొస్తే సరఫరా ఊగిసలాడుతుంది, నిజమే. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు తట్టుకోలేకపోవచ్చు కూడా. కానీ ఫోన్లకు, ఆయాసానికి మందు ఆవిరిలా పట్టే నెబ్యులైజర్‌కు, రెండు గంటలు ఫ్రిజ్‌కు అది చాలు.

పాత హోమ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును చూపించి, గ్రిడ్ ఉందని సోలార్‌ను నమ్మించలేమా అని కొందరు అడుగుతుంటారు. దయచేసి ప్రయత్నించవద్దు. ఊరి లైనులాంటి నున్నటి అలనే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే సోలార్ నిజంగానే నమ్మే అవకాశం ఉంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఖర్చు కాని కరెంటు అంతా వెనక్కి తిరిగి ఆ చిన్న ఇన్వర్టర్‌లోకి తోసుకొస్తుంది. అది తట్టుకునేలా చేసినది కాదు, కాలిపోతుంది. ప్యానెళ్ల వైర్లు విప్పి డీసీ వాడుకుందామన్న ఆలోచన ఆ మూడో రోజు నాకూ వచ్చింది. ఆరు ప్యానెళ్ల వరుసలో రెండు వందల వోల్టులకు పైన ఉంటుంది, ఎండలో దాన్ని ఆపే స్విచ్ ప్యానెల్‌కు లేదు. తడి చేతులతో దాని జోలికి వెళ్లకపోవడం నేను చేసిన మంచి పని.

78,000 రూపాయలు ప్రజల డబ్బు. ఆ డబ్బిచ్చేటప్పుడు ప్రభుత్వం షరతులు పెడుతూనే ఉంది. సెల్స్ కూడా మన దేశంలో తయారైన ప్యానెళ్లే వాడాలంటుంది, నెట్ మీటరు ఉండాలంటుంది. మంచివే. ఆ జాబితాలోనే "గ్రిడ్ లేనప్పుడు పనిచేసే ఒక ప్లగ్" అని ఇంకో వరస రాస్తే ఏమవుతుంది? కోటి ఇళ్లు లక్ష్యంగా పెట్టుకున్న పథకం ఇది. కోటి ఇళ్లకు కొంటామంటే తయారీదార్లు ఆ ప్లగ్ పెట్టకుండా ఉండరు. తుపాన్లూ వరదలూ మన కోస్తాకు కొత్తవి కావు. అందులోనూ బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని మన పెద్దవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. ఇది వీలుకాదంటే, కనీసం దరఖాస్తు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "కరెంటు పోతే ఇది పనిచేయదు" అని అచ్చు వేయించాలి. ఆ వాక్యం చదివి ఉంటే మా పాత బ్యాటరీ ఇంట్లోనే ఉండేది.

మా వీధికి ఆరో రోజు కరెంటు వచ్చింది. మాకు మాత్రం కొత్త మీటరు, కింది స్విచ్ బాక్సు బిగించాక గానీ సోలార్ మళ్లీ మొదలు కాలేదు, మొత్తం ఇరవై మూడు రోజులు. ఊరంతా మీటర్లు మార్చాల్సి వచ్చింది, అందులో ఎవరినీ తప్పుపట్టను. ఇప్పుడు మా మీటరు మెట్ల మలుపు దగ్గర, మనిషి తల కంటే ఎత్తున ఉంది. పల్లపు ప్రాంతాల వాళ్లు ఇది మొదటే అడిగి పెట్టించుకోండి, తర్వాత మార్చడం పెద్ద తతంగం.

గ్రిడ్ లేనప్పుడు బ్యాటరీతో, ఎండతో ఇంటిని నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి లిథియం బ్యాటరీ పెట్టించుకుంటే ఈ గొడవ ఉండదు. ధర కనుక్కున్నాను. సబ్సిడీ కిలోవాట్ల లెక్కన వచ్చేదే, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. పనిచేస్తున్న ఇన్వర్టర్‌ను తీసేసి ఇంకో లక్షకు పైగా పెట్టే స్తోమత ఇప్పుడు నాకు లేదు. మళ్లీ ఒక మామూలు హోమ్ ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ కొన్నాను, హాల్లో పాతది ఉన్న చోటే. 2025 అక్టోబరులో మొంథా తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు లైట్లూ ఫ్యాన్లూ తిరిగాయి. తెల్లారి చూస్తే ప్యానెళ్లు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, ఒక్క బోల్టు కదల్లేదు. ఆ విషయంలో బిగించిన వాళ్ల పనితనాన్ని మెచ్చుకోవాలి.

తీసుకోమంటావా వద్దంటావా అని గుంటూరు నుంచి మా బావ పోయిన వారం ఫోన్ చేశాడు. బ్రాడీపేటలో సొంత ఇల్లు, మూడు ఏసీలు, వేసవి బిల్లు ఆరు వేలు. వాళ్ల వీధిలో నీళ్లు నిలవవు, కరెంటు పోయినా గంటలో వస్తుంది. తీసుకో అన్నాను. మా ఇంట్లోలా ఇన్సులిన్ మీద ఉన్న పెద్దాయన, పక్కన బుడమేరు ఉంటే మాత్రం హైబ్రిడ్‌కు డబ్బు కూడేదాకా ఆగమనేవాణ్ని. "అమ్మేవాణ్ని ఒక్క ప్రశ్న అడుగు, కరెంటు పోతే ఇది పనిచేస్తుందా అని" అన్నాను. అడిగాడట. "పోదు సార్, ఈ మధ్య కరెంటు ఎక్కడ పోతోంది" అన్నాడట అతను. బావ ఇంట్లో పాత ఇన్వర్టర్ ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఇవ్వొద్దని చెప్పాను.