ఉద్దానం కొబ్బరి బొండం: రుచికి తిరుగులేదు, కానీ చూసి కొనాలి

ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ తాగడానికి, తినడానికి పనికొచ్చే సరుకు ఏదంటే శ్రీకాకుళం జిల్లాలో ముందు చెప్పాల్సింది ఉద్దానం బొండమే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల కాయ ఇది. ఎక్కువగా పొడుగు రకం చెట్లే. నీళ్లు తియ్యగా ఉంటాయి, చివర్లో సన్నటి ఉప్పదనం తగులుతుంది. ఆ ఉప్పదనమే దీనికి అందం.

2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటల్ని ఊచకోత కోసింది. పొడుగు రకం కాపుకు రావాలంటే 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. అంటే ఆ తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేసే వయసుకు వస్తున్నాయి. బొండం ధర కాస్త ఎక్కువనిపించినా రైతు దగ్గర బేరం గట్టిగా ఆడబుద్ధి కాదు.

ఇక కాయ సంగతి. పూత విచ్చాక 12 నెలలకు కొబ్బరికాయ పండుతుంది. బొండానికి 6, 7 నెలల వయసు చాలు. ఆరో నెలలో కాయ నిండా నీళ్లే, కొబ్బరి పొర పట్టీ పట్టకుండా ఉంటుంది. ఏడో నెలలో నీళ్లూ తీపీ రెండూ పతాక స్థాయిలో ఉంటాయి, లోపల చెంచాతో లేచే మీగడ పడుతుంది. ఎనిమిది దాటితే కొబ్బరి గట్టిపడుతుంది, నీళ్లలో తీపి తగ్గుతుంది. కాపు బాగున్న చెట్టు సుమారుగా నెలకో గెల వేస్తుంది కాబట్టి తోటలోనే కొనేవారు కొత్తగా విచ్చిన పూత నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆరో, ఏడో గెల దింపించుకోవచ్చు. ఒక గెలలో కాయలన్నీ దాదాపు ఒకే వయసువి. ఒకటి కొట్టి చూస్తే మిగతావి ఎలా ఉంటాయో తెలిసిపోతుంది.

బండి దగ్గర ఆ వీలుండదు. అక్కడ చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. లేత కాయలో నీళ్లు నిండుగా ఉంటాయి, చప్పుడు రాదు. గలగలమంటే ముదిరింది, లేదా చిల్లి పడి నీళ్లు తగ్గాయి. రెండు చేతుల్లో రెండు పట్టుకుని ఒకే సైజులో బరువైనది తీసుకోవాలి. ముచ్చిక పచ్చగా, కాయను గట్టిగా పట్టుకుని ఉండాలి. అది ఎండి ఊడిపోతుంటే దింపి చాలా రోజులైనట్టు. తొక్క మీద గోధుమరంగు చీలికల మచ్చలుంటే భయపడక్కర్లేదు. అది కొబ్బరి నల్లి చేసే గాయం. కాయ చిన్నదవుతుంది గానీ నీళ్లకు దోషం లేదు.

అసలు లోపం వచ్చేది దింపులో. గెల నరికి కింద పడేస్తే లేత చిప్ప లోపల చీలుతుంది. పైకి ఏమీ కనిపించదు, మర్నాటికి నీళ్లు పులుస్తాయి. తాడు కట్టి దించిన గెల కాయే కొనాలి. అడిగితే రైతు చెబుతాడు. హైవే పక్కన ఎండలో కుప్ప పోసిన దానికన్నా తాటాకు నీడలో గెలతోనే వేలాడదీసిన బండి మేలు. విజయనగరం బజారుకు దూరం నుంచి లారీలో వచ్చిన కాయ రుచిలో వెనకబడితే, చాలాసార్లు అది రకం దోషం కాదు, దారిలో గడిచిన రోజుల ఫలితం.

కొట్టించేటప్పుడు కత్తి కడిగి ఉందా లేదా చూడండి. ప్లాస్టిక్ కవరులో పోయించుకోవద్దు, ఇంటి నుంచి స్టీలు సీసా తీసుకెళ్లండి. ఐసు అసలు వద్దు, అది ఏ నీళ్లతో చేశారో తెలియదు. కొట్టిన వెంటనే తాగడం ఉత్తమం. గాలి తగిలితే నీళ్లు గులాబీ రంగుకు తిరగొచ్చు, అది ఒక్కటే చెడినట్టు గుర్తు కాదు. పుల్లటి వాసన, నురుగు వస్తే పారబోయాలి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచినా ఒక రోజు దాటించవద్దు.

తాగాక కాయను రెండుగా చీల్పించండి. తొక్క చెక్కునే చెంచాగా చేసి ఇస్తారు. మీగడను చాలామంది వదిలేస్తారు, అది నిజంగా నష్టం. నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు, రెండు కాయల మీగడ ముక్కలు, నిమ్మరసం, చిటికెడు మిరియాల పొడి కలిపితే పిల్లలకు సాయంత్రం తిండి సిద్ధం. పళ్లు సరిగా రాని చిన్నారులకైతే మీగడ మెత్తగా నలిపి పెట్టాలి. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు మాత్రం తల్లిపాలు తప్ప ఇదీ వద్దు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి, ఇక్కడి సరుకు గురించి రాస్తూ ఆ మాట ఎత్తకపోతే తప్పు. 100 మిల్లీలీటర్ల బొండం నీళ్లలో పొటాషియం రమారమి 200 నుంచి 250 మిల్లీగ్రాములు. 300 మిల్లీలీటర్ల కాయ ఒకటి తాగితే 600 నుంచి 750 మిల్లీగ్రాములు అవుతుంది. ఆరోగ్యవంతుడి కిడ్నీ దాన్ని సులువుగా బయటికి పంపేస్తుంది. కిడ్నీ సరిగా పనిచేయక రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగినవారిలో, డయాలసిస్ మీద ఉన్నవారిలో పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీయవచ్చు. అందుకే ఈ ప్రాంతంలో బంధువుల ఇంటికి బొండాలు పట్టుకెళ్లే ముందు, ఆ ఇంట్లో కిడ్నీ జబ్బున్నవారు ఉన్నారేమో కనుక్కోండి. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి, ఒంట్లో పొటాషియం పెంచే మందులు వాడేవారు కూడా రోజూ తాగాలనుకుంటే డాక్టరును అడగాలి. షుగరున్నవారు ఒక కాయలో 10 గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చక్కెర ఉండొచ్చని లెక్కలో వేసుకోవాలి. విరేచనాలకు ఇది ఓఆర్ఎస్ స్థానంలో పనికిరాదు, ఇందులో సోడియం తక్కువ.

సీసాల్లో వచ్చే కొబ్బరి నీళ్లు ప్రయాణాల్లో ఫరవాలేదు. తాజా కాయ పక్కనే దొరికే ఈ జిల్లాలో వాటికి డబ్బు పెట్టడం మాకు నచ్చదు.

తాగేసిన డొప్పల్ని పెరట్లో తిరగేసి పడేయండి. నోరు పైకి ఉంటే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. ఎండాక పీచు పొయ్యిలోకి పనికొస్తుంది.